సంతకం పెట్టేవాళ్లు: ఒక పెద్దాయన పాదాన్ని ఇరవై నెలలు చూసుకున్న కేసు

ఈ కేసు రాయమని అడిగింది మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు. ఎవరింట్లోనో తిట్లు తిని వచ్చిన రోజు వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఇంకెన్ని రోజులు భరించాలి సిస్టర్?" నేను ఒక్క మాటలో చెప్పలేక ఈ పెద్దాయన సంగతి మొదలుపెడతాను. ఈసారి కూర్చుని రాశాను.

నేను నర్సుని. ఇరవై ఏడేళ్లు వార్డుల్లో చేశాక ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక చిన్న హోమ్‌కేర్ టీమ్‌లో ఉన్నాను. ఇద్దరు నర్సులం, ఒక సోషల్ వర్కర్, వారానికి ఒక రోజు వచ్చే డాక్టరుగారు, ముగ్గురు నలుగురు వాలంటీర్లు. గాజుగుడ్డకి, ఆటోకి, మందులకి చర్చివాళ్లు, తెలిసినవాళ్లు సాయం చేస్తారు. మంచం పట్టినవాళ్లు, మానని పుళ్లున్న షుగర్ పేషెంట్లు, కేన్సర్ ముదిరినవాళ్లు మా రిజిస్టర్‌లో ఉంటారు.

పెద్దాయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది చదివి వినిపిస్తే ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "నేను మారిన అని మాత్రం రాయకు. మారలే." ఆ షరతుకి కట్టుబడి రాశాను.

మా దగ్గరికి ఎలా వచ్చాడు

2023 ఆగస్టులో చర్చిలో ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి నుంచి ఒక ఆంటీ ఫోన్ చేశారు. "లాలాగూడ వైపు ఒక అంకుల్ ఉన్నాడు సిస్టర్. కాలికి పుండు, ఇంట్లో ఎవరూ లేరు. ముందే చెప్తున్నా, ఆయన నోరు మంచిది కాదు."

71 ఏళ్లు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. షుగర్ వచ్చి పంతొమ్మిదేళ్లు. ఎడమ కాలి రెండో వేలు అంతకు రెండేళ్ల ముందే తీసేశారు. భార్య 2021లో పోయింది. ఒక కొడుకు, మల్కాజ్‌గిరిలో ఉంటాడు, రాకపోకలు లేవు. ఒక కూతురు దుబాయ్‌లో. ఏడాదిలో ముగ్గురు అటెండర్లు మానేశారు. ఇద్దరు తిట్లకి వెళ్లిపోయారు, మూడో అబ్బాయి మీద దొంగతనం నేరం మోపాడు. కనబడని డబ్బు తర్వాత ఆయన బైబిల్ సంచిలోనే దొరికింది. పాస్టరుగారిని గేటు దగ్గరే ఆపి "దశమభాగం కోసం వచ్చినవా?" అన్నాడు, అంటే సంపాదనలో చర్చికిచ్చే పదోవంతు కోసం. మేడమీద అద్దెకున్నవాళ్లతో నీళ్ల మోటారు గొడవ పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది.

మొదటి రోజు నన్ను చూసి ఆయన అన్నది ఇప్పటికీ గుర్తుంది. "కాళ్లు కడిగి పరలోకం సంపాయిద్దామని వచ్చినవా? వేరే కాళ్లు చూసుకో."

అయినా కుర్చీలో కూర్చున్నాడు, కాలు చాపాడు.

కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో పుండు. మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు వెడల్పు. చుట్టూ ఆనెకాయలాగా గట్టిపడిన చర్మం. పుల్లతో చూస్తే ఎముక తగల్లేదు, నాడి అందుతోంది, అంతవరకు నయం. పాదంలో స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగుతో పది చోట్ల తాకించాను. రెండు చోట్ల మాత్రమే "ఊఁ" అన్నాడు. మిగతా ఎనిమిది చోట్ల కళ్లు మూసుకుని, ఇంకా మొదలుపెట్టలేదేంటి అన్నట్టు ఎదురుచూశాడు.

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మా తరం నర్సులందరికీ తెలుసు. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట్లో పుట్టి, 1946 నుంచి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశారు. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు వల్ల వాటంతటవే కుళ్లి ఊడిపోతాయని అందరూ అనుకునే రోజుల్లో, అసలు నష్టం నొప్పి తెలియకపోవడం వల్ల జరుగుతోందని ఆయన చూపించారు. మేకు గుచ్చుకున్నా తెలియదు, నిప్పు మీద వేలు పెట్టినా తెలియదు. షుగర్ వల్ల నరాలు చచ్చిన పాదానికీ అదే జరుగుతుంది. మా పెద్దాయన రోజూ మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా ఎక్కి ట్యాంకు వాల్వు తిప్పేవాడు. ఆగస్టు ఎండకి కాలిన డాబా మీద అరగంట నిలబడినా ఆయనకి తెలిసేది కాదు.

మొదటి రెండు నెలలు

మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండింటికి వెళ్లేవాళ్లం. కట్టు విప్పడం, సెలైన్‌తో కడగడం, గట్టిపడిన అంచు బ్లేడుతో తీయడం, పుండు మీద బరువు పడకుండా ఫెల్ట్ ముక్క అమర్చడం, మళ్లీ కట్టు. నలభై నిమిషాల పని. ఆ నలభై నిమిషాలూ తిట్లు. ఒకసారి బ్యాండేజీ చుట్ట విసిరాడు. నేను బెటాడిన్ దొంగిలిస్తున్నానని పాస్టరుగారికి ఫోన్ చేశాడు. రాత్రి రెండింటికి డాక్టరుగారికి ఫోన్ చేసి, ఎత్తితే ఏమీ మాట్లాడకుండా పెట్టేసేవాడు.

మూడో వారంలో మా రెండో నర్సు ఈ కేసు నుంచి తప్పుకుంది. చనిపోయిన వాళ్లమ్మని పట్టుకుని ఆయన ఒక మాటన్నాడు. నేనిక్కడ రాయలేను. ఆ అమ్మాయి మెట్టుగూడ మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "నేను విశ్వాసంలో ఓడిపోయానా సిస్టర్?" అని అడిగింది. నాకు చాలా కోపం వచ్చింది, ఆమె మీద కాదు, అలా అనుకునేలా ఆమెని పెంచిన బోధ మీద.

బైబిల్లో అపొస్తలుల కార్యములలో మార్కు అనే యోహాను సంగతి ఉంది. పౌలు, బర్నబాలతో సువార్త పనికి బయల్దేరి, మధ్యదారిలో పని వదిలేసి వెళ్లిపోయిన మనిషి. రెండోసారి అతన్ని వెంట తీసుకెళ్లనన్నాడు పౌలు. తీసుకెళ్తానన్నాడు బర్నబా. ఇద్దరూ గట్టిగా తగాదాపడి విడిపోయారు, బర్నబా మార్కుతో ఓడ ఎక్కాడు. చాలాకాలం తర్వాత తిమోతికి రాసిన ఉత్తరంలో, మార్కుని వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అని అదే పౌలు రాశాడు. నేను ఆ అమ్మాయికి చెప్పిందిదే: మార్కుని పౌలే మోయాలని ఎక్కడా లేదు, ఎవరో ఒకరు మోశారు, అంతే. ఆమె వేరే ఇళ్లకి మారింది. ఒక మొండి మనిషిని వదలకూడదంటే ముందు, "నేనొక్కదాన్నే వదలకూడదు" అనే పట్టు వదులుకోవాలని నా నమ్మకం. ఒక్కరి మీదే పడితే ఆ ఒక్కరూ విరిగిపోతారు, పేషెంటుకి ఎవరూ మిగలరు.

ఆ వారమే టీమ్ కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకుంది. రోజు, టైము మారవు. అరిస్తే వింటాం, బూతు మాట వస్తే కట్టు పూర్తి చేసి ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోతాం. తర్వాతి విజిట్‌కి మాత్రం అదే టైముకి గేటు కొడతాం, నిన్నటి సంగతి ఎత్తం. అలిగి ఒక్క విజిట్ కూడా మానం. ఆయన అడగకుండా ప్రార్థన చేయం. ఆయన డబ్బు ముట్టుకోం. ఇంకొకటి నేను పట్టుబట్టి పెట్టించాను: ఆయన సంగతి ఏ కూడికలోనూ ప్రార్థన అంశంగా చెప్పకూడదు. మన చర్చిల్లో చాలామంది పరువు ప్రార్థన అంశాల పేరుతోనే పోతుంది. "ఫలానా అంకుల్ కోపం గురించి ప్రార్థించండి" అని మైకులో అంటే ఆ అంకుల్ ఇక జన్మలో ఆ గుమ్మం తొక్కడు.

ఇంకో పని, మూడు నెలలకొకసారి ఈ కేసు కొనసాగించాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకోవాలనుకున్నాం. దీనికి కొందరు వాలంటీర్లు ఒప్పుకోలేదు. ప్రేమకి గడువేంటి అన్నారు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో కాయని అంజూరపు చెట్టు ఉంది కదా. మూడేళ్లుగా పండు లేదు, నరికెయ్ అంటాడు యజమాని. తోటమాలి ఏమంటాడు? చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను, ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము అంటాడు. ఊరికే కనికరించమని అడగలేదు. ఈ ఏడాది నేను చేసే పని ఇది అని చెప్పి గడువు తీసుకున్నాడు. మా రివ్యూలో కూడా అడగాల్సింది అదే అనిపించింది. ఈ మూడు నెలలు మనం కొత్తగా ఏం తవ్వాం? పాత పనే చేస్తూ కొత్త ఫలితం కోసం కూర్చుంటే అది ఓపిక అనిపించుకోదు.

యాభై నాలుగు

ప్రతి విజిట్‌కీ టైముతో సహా నోట్స్ రాయడం నా అలవాటు. అక్టోబర్ రివ్యూ ముందు వెనక్కి తిప్పుతుంటే ఒకటి కనబడింది. సోషల్ వర్కర్ సాయంత్రం నాలుగింటికి ఒంటరిగా వెళ్లిన మూడుసార్లూ ఆయన విసుక్కున్నాడే తప్ప బూతు రాలేదు. బూతులన్నీ పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్యే.

తర్వాతి మంగళవారం గ్లూకోమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లాను. పదకొండు నలభైకి మొదలైంది. గొంతు పెద్దదైంది, మాట తడబడింది, పై పెదవి మీద చెమట. ఫ్యాను కిందే కూర్చున్నాడు. "వేలు ఇవ్వండి అంకుల్" అన్నాను. "తీస్కో, అంతా తీస్కో, రక్తం గూడ తీస్కపో" అని చెయ్యి నా మొహం ముందు పెట్టాడు. గుచ్చాను. స్ట్రిప్ మీద చుక్క పడింది. ఐదు సెకండ్లకి షుగర్ 54 చూపించింది. 70 కంటే తగ్గితేనే మనిషి మనిషిలా ఉండడు.

వంటింట్లో చక్కెర డబ్బా వెతికి, మూడు చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి తెచ్చాను. తాగనన్నాడు. గ్లాసు పట్టుకుని అలాగే మోకాళ్ల మీద కూర్చున్నాను. కాసేపటికి లాక్కుని తాగాడు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 83. బన్ను, పాలు పెట్టాను. తింటూ తింటూ తల ఎత్తి, రెండున్నర నెలల తర్వాత మొదటిసారి, "నీ పేరేంది?" అని అడిగాడు.

పొద్దున్నే గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, చాయ్‌తో రెండు రస్కులు తిని ఊరుకునేవాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8, అంటే ఎక్కువే. కిడ్నీలు మందగించినవాళ్లలో ఆ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు ఉండి షుగర్‌ని లాగేస్తుంది. ముసలివాళ్లకి అది ప్రమాదమని తెలిసీ నేను మొదటి వారంలోనే ఆలోచించలేదు. కోపిష్టి అని ముందే చెప్పారు కాబట్టి కోపమే చూశాను. డాక్టరుగారు ఆ మాత్ర ఆపి కిడ్నీలకి ఇబ్బందిలేనిది రాశారు. ఈ వయసులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 దగ్గరుంటే చాలు, ఇంకా కిందికి లాగొద్దు అన్నారు. బూతులు సగానికి సగం తగ్గాయి.

తర్వాత చెవులు. మనం ఇద్దరం మాట్లాడుకుంటే తన గురించే అనుకునేవాడు. కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. కుడిచెవిలో గట్టిపడిన గులిమి తీశారు, ఆడియోమెట్రీ చేస్తే రెండు చెవులూ బాగానే తగ్గాయని తేలింది. మెషిన్ పెట్టుకోనన్నాడు. సరే అని ఎడమవైపు కూర్చుని, టీవీ ఆపి, మొహం కనబడేలా నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాం. మాట సరిగ్గా వినబడ్డాకే వృద్ధుల డిప్రెషన్ ప్రశ్నలు పదిహేనూ అడగగలిగాను. ఐదు దాటితే చూడాలంటారు. ఈయనకి 11 వచ్చాయి. సైకియాట్రిస్టు పేరు ఎత్తగానే "నన్ను ఎర్రగడ్డకు పంపుతవా?" అని లేచాడు. మానసిక ఆసుపత్రి ఉన్నది అక్కడే. డిప్రెషన్ మాత్రలకి ఒప్పుకోవడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

ఇవన్నీ తీసేశాక మిగిలిన మనిషి సాధువేం కాదు. పెద్ద నోరు, అనుమానం, ఎదుటివాళ్ల మెత్తని చోటు పట్టుకుని పొడిచే నేర్పు, ఇవి ఆయనవే. యవ్వనంలోనూ ఇంతేనని ఆయనే చెప్పాడు.

నా తప్పు

డిసెంబర్‌లో నేను చేసింది రాస్తున్నాను. ఈ కేసులో పిల్లలు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.

పుండు సగానికి తగ్గింది. ఆయన కొంచెం మెత్తబడ్డాడు. ఒకరోజు వాళ్ల తాత సంగతి చెప్పాడు. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర మెదక్‌లో చర్చి కట్టిస్తూ పని చేసినవాళ్లకి కూడు పెడుతుంటే, వాళ్ల తాత రాళ్లు మోశాడట. ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. "మా తాత బువ్వ కోసం మోసిండు, భక్తి కోసం కాదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఆశ పుట్టింది. క్రిస్మస్‌కి తండ్రీకొడుకులు కలిస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. ఆయన్ని అడగకుండా, పాత ఫైల్లో ఉన్న నంబర్ తీసి కొడుక్కి ఫోన్ చేశాను.

డిసెంబర్ 23న అతను కేకు, కొత్త చొక్కా పట్టుకుని వచ్చాడు. పెద్దాయన తలుపులో అతన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఏమీ అరవలేదు. ఒక్కసారిగా లేచి, కట్టు కాలితో, చెప్పుల్లేకుండా, ఇనప కుర్చీని తోసుకుంటూ గేటు దాకా నడిచి "పో" అన్నాడు. వెనక్కి తిరిగి వస్తుంటే గచ్చు మీద అడుగు అడుగుకీ రక్తం. కుర్చీ కాలు పుండున్న పాదం మీద దిగింది. ఆయనకి తెలియనే తెలియదు. నేల మీద ఎర్రగా ఉన్నది చూసి "ఎవరిదది?" అని నన్నే అడిగాడు.

మూడో రోజుకి జ్వరం, పాదం వాచి పిక్కదాకా ఎర్రబడింది. తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నాడు. కాలు తీయాల్సి వస్తుందేమోనని నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. కొత్త సంవత్సరం ఆరాధనకి వెళ్లకుండా వార్డులో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను. చాలాసేపు పైకప్పు చూసి అన్నాడు:

"నువ్వు గూడ సంతకం పెట్టేటోళ్లల్ల ఒకదానివే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. 2021 మే. ఆయనకీ భార్యకీ ఇద్దరికీ కరోనా. ఆమె హాస్పిటల్లో, ఆయన ఇంట్లో గది దాటకుండా. వెంటిలేటర్ పెట్టడానికి కొడుకు సంతకం పెట్టాడు. బాడీ తీసుకోవడానికి సంతకం పెట్టాడు. సమాధుల తోటలో సంతకం పెట్టాడు. జ్వరంలో ఉన్న తండ్రికి ఎలా చెప్పాలో తెలియక మూడో రోజు చెప్పాడు. "ముప్పై ఎనిమిదేండ్లు నా పెండ్లాం. మొఖం సూడలే. ఒక్క సంతకం కూడ నన్ను అడిగి పెట్టలే."

తర్వాత నేను కొడుకుని కూడా కలిశాను, ఈసారి ఆయనకి చెప్పే వెళ్లాను. అతను అన్నది కూడా రాయాలి. "ఆ పొద్దు ఎవర్ని అడగాలి సిస్టర్? బాపుకి ఆక్సిజన్ తగ్గుతున్నది. చెప్తే ఆయన కూడా పోతాడని భయపడ్డ." ఆ మూడు కాగితాలు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ఆ పిల్లాడి పక్కన కూడా అప్పుడు ఎవరూ లేరు. ఈ కథలో దుర్మార్గుడు ఎవరూ నాకు కనబడలేదు.

అటెండర్లని ఎవరు పెట్టారు? కూతురు, దుబాయ్ నుంచి. వేలు తీయడానికి ఎవరు ఒప్పుకున్నారు? డాక్టర్లు, అక్కడున్న బంధువులు. పాస్టరుగారిని ఎవరు పంపారు? స్త్రీల మైత్రి. నన్ను ఎవరు పంపారు? ఐదు నెలలు ఆయన పాదం నా ఒళ్లో పెట్టుకుని, ఒక్కసారి కూడా "మొదలుపెట్టనా?" అని అడగలేదు నేను. నా పనితనం, నా భక్తి, నా టైముపట్టిక, అన్నీ ఆయన మీద పెట్టిన సంతకాలే.

అడగడం

జనవరి నుంచి మార్చింది ఇదొక్కటే. గేటు బయటే ఆగి "లోపలికి రానా అంకుల్?" కుర్చీ ముందు కూర్చుని "కట్టు విప్పనా?" బ్లేడు తీసి "అంచు తీయనా?" అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, జవాబు వచ్చేదాకా ఆగడం.

మొదటి రెండు విజిట్లూ "వద్దు" అన్నాడు. నన్ను పరీక్షిస్తున్నాడని తెలుసు. డాక్టరుగారితో ముందే మాట్లాడాను. ఇన్‌ఫెక్షన్ తగ్గింది కాబట్టి ఒక రోజు ఆలస్యమైతే పర్వాలేదు, అంతకంటే వద్దు అన్నారు. ఆ మాటే ఆయనకి చెప్పాను, విప్పకపోతే ఏమవుతుందో చెప్పాను, సంచి సర్దుకుని వచ్చేశాను. ఆటోలో ఆలుగడ్డబావి దాటుతుంటే చేతులు వణికాయి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో కట్టు కట్టకుండా వెనక్కి రావడం నాకు అదే మొదలు. రెండుసార్లూ రాత్రి ఫోన్ వచ్చింది. "రేపు రా." మూడోసారి "విప్పు" అన్నాడు.

నాకు ఆయన మీద ప్రేమ అప్పటికీ లేదు. ఇది దాచను. మంగళవారం వస్తుందంటే సోమవారం రాత్రే కడుపులో టెన్షన్ మొదలయ్యేది. గేటు బయట నిలబడి "ప్రభువా, ఈ నలభై నిమిషాలు" అని మాత్రమే ప్రార్థించేదాన్ని. అంతకంటే ఎక్కువ అడిగే ధైర్యం లేకపోయింది. ప్రేమ ముందు పుట్టి తర్వాత వెళ్లాలంటే నేను ఆ ఇంటికి రెండోసారి వెళ్లేదాన్ని కాదు.

ఇక్కడ ఒకటి ఆగి చెప్పాలి. ఈ కేసు చదివి ఎవరైనా, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లతో "చూశావా, వదలకూడదు, బైబిల్లో ఉన్నట్టు డెబ్బై ఏడుల సార్లు క్షమించాలి" అంటే నేను ఒప్పుకోను. నాకు వెళ్లిపోవడానికి గేటు ఉంది, వెనక టీమ్ ఉంది, నలభై నిమిషాల తర్వాత నా ఇల్లు నాకుంది. ఆమెకి అవేవీ లేవు. ఆమెకి ముందు కావలసింది తలదాచుకునే చోటు. 181కి ఫోన్ చేయించండి, ప్రాణం మీదికి వస్తే 112. కొట్టేవాడి కోసం ప్రార్థించే పని చర్చిలో ఇంకెవరైనా తీసుకోవచ్చు, దెబ్బలు తినే మనిషి మీద ఆ బరువు పెట్టకండి.

తర్వాత

పుండు 2024 ఆగస్టు మొదటి వారంలో మూసుకుంది. హాస్పిటల్ నుంచి వచ్చాక 31 వారాలు. కొత్త మందులేమీ వాడలేదు. బరువు పడకుండా చూశాం, అంచు తీశాం, డాబా వాల్వు పని మేడమీద వాళ్లకి అప్పగించాం. ఆ ఒప్పందం ఆయనే వాళ్లతో మాట్లాడుకున్నాడు, గట్టిగానే. తర్వాత ఎంసీఆర్ చెప్పులు కుట్టించాం. మెత్తటి రబ్బరు అడుగుతో కుష్ఠు రోగులకీ షుగర్ పాదాలకీ ఇచ్చే చెప్పులు. వాటి కొలత కాగితం మీద సంతకం ఆయనే పెట్టాడు. రైల్వేలో మస్టర్ మీద పెట్టినట్టు పూర్తి పేరు, కింద గీత, తేదీ.

కొడుకు విషయం నేను మళ్లీ ఎత్తలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు ఆయనే అడిగాడు, "వాని నంబర్ ఉన్నదా నీ కాడ?"

"ఉంది అంకుల్. ఇవ్వమంటారా?"

"వద్దు. ఉన్నదా అని అడిగిన."

సెప్టెంబర్‌లో తనే ఫోన్ చేశాడు. కొడుకు ఎత్తలేదు. మర్నాడు తిరిగి చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారట, మోటారు గురించి. ఇప్పుడు నెలకొకసారి వస్తాడు. వరండా దాకా వచ్చి మోటారు చూసి, చాయ్ తాగి వెళ్తాడు. లోపలి గదిలోకి వెళ్లడు. అమ్మ మాట ఇద్దరూ ఎత్తరు. ఎప్పుడైనా ఎత్తుతారేమో, ఎత్తకపోవచ్చు.

2025 ఏప్రిల్ 20, ఈస్టర్. చర్చికి వస్తానన్నాడు. మన చర్చిల్లో చెప్పులు బయట విడవాలి. ఏప్రిల్ ఎండ, స్పర్శలేని పాదాలు. పాస్టరుగారితో మాట్లాడనా అని ఆయన్ని అడిగి, ఊఁ అన్నాక వెళ్లి మాట్లాడాను. గేటు దగ్గర దశమభాగం మాట పడిన పాస్టరుగారే. ఆయన ఈ ఇరవై నెలల్లో నెలకొకసారి ఆ గేటు బయట నిలబడి "వందనాలు అంకుల్" అని వెళ్లిపోయేవారని నాకు అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఒక్కరోజు కూడా వాడని కొత్త ఎంసీఆర్ జత ఒకటి చర్చి లోపలికని కుట్టించాం. గుమ్మం దగ్గర ఒక సంఘపెద్ద "చెప్పులు బయట, బాబాయ్" అన్నారు. నా గుండె ఆగినంత పనయింది. పెద్దాయన ఆయన్ని కిందనుంచి పైకి చూసి, "పాస్టర్‌ను అడుగు" అని లోపలికి నడిచి చివరి బెంచీలో కూర్చున్నాడు. ప్రసంగం మధ్యలో, చెవులు సరిగ్గా వినబడవు కదా, "ఎంతసేపు చెప్తడు?" అని చర్చి అంతా వినేలా అడిగాడు.

ఇప్పటి పరిస్థితి

విజిట్లు వారానికి ఒకటికి తగ్గాయి, మంగళవారం మాత్రమే. షుగర్ పడిపోవడం 2023 నవంబర్ తర్వాత మళ్లీ లేదు. డిప్రెషన్ స్కోరు 6. మొన్న విజిట్‌లో రెండు బూతులు, ఒకటి నా మీద, ఒకటి మేడమీద వాళ్ల మీద. నియమం ప్రకారం కట్టు పెట్టె మూసి వచ్చేశాను. కేసు నుంచి తప్పుకున్న నర్సు, నేను ఊళ్లో లేని వారం తనంతట తానే వెళ్తానంది. వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కుడి పాదంలో పాత పుండు మచ్చ పక్కనే, రెండో వేలి కింద, కొత్తగా ఆనె కడుతోంది. పసుపుపచ్చగా, అర్ధరూపాయంత. అలాగే వదిలితే ఆరు వారాల్లో కింద పుండు పడుతుంది. చెప్పు లోపల ఫెల్ట్ ముక్క జరపాలి, బ్లేడుతో పొర తీయాలి. మంగళవారం పదకొండింటికి వెళ్లి, తీయనా అని అడగాలి.